మహావిమానముల యెన్నిక



2024వ సంవత్సరము జనవరి మాసమున హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయమున విమానముల ప్రదర్శన యొకటి జరిగినది. వచ్చిన చిన్నవియు పెద్దవియు నగు విమానములలో రెండింటిని చూచుటకు జనులు మిక్కిలిగా మూగిరి. ఒకటి ఎయిర్‌బస్ అను ఐరోపా కంపెనీవారు నిర్మించిన ఏ350. దానిని ఎయిర్ ఇండియావారు అప్పుడే కొని తెచ్చుకొనియుండిరి. రెండవది అమెరికా దేశములోని బోయింగ్ కంపెనీవారి 777-9. అది యప్పటికింకను పరీక్షలలో నుండెను. టిక్కెట్టు కొని దానిలో కూర్చున్న ప్రయాణికుడు లోకమున నొక్కడును లేడు. సముద్రములు దాటి పదునైదు, పదునాఱు గంటలు దిగకుండ నెగురు మిక్కిలి పెద్ద విమానము కావలెనన్న కంపెనీలకు నేడు ఈ రెండింటి నడుమనే ముఖ్యమగు నెన్నిక. ఆ యెన్నిక యెట్లు జరుగునో, అందలి చిక్కులెట్టివో నేడు మీకు మనవి చేయదలచితిని.

ఈ ముచ్చట మనకేల యని కొందఱనుకొనవచ్చును. కృష్ణా గోదావరీ మండలములలోను, కరీంనగరు, నల్లగొండ ప్రాంతములలోను బిడ్డలు అమెరికాలో నున్న యిండ్లు లేని గ్రామము నేడరుదు. కూతురి పురిటికనియు, మనుమని అన్నప్రాశనకనియు తల్లిదండ్రులు పోవుచున్నారు. ఇంగ్లీషు రాని తల్లి దుబాయిలోనో దోహాలోనో నడిరేయి దిగి, రెండవ విమానపు ద్వారమెక్కడనో తెలియక, చేతిలోని కాగితమును కనబడినవారికెల్ల చూపుచు నడచును. ఆమె ఒక్క విమానములోనే తిన్నగా పోగలుగునా, నడుమ దిగవలసివచ్చునా, టిక్కెట్టునకెంత పెట్టవలసివచ్చును అనునవి, ఏ పదియేండ్ల క్రిందటనో ఒక కంపెనీవారు చేసికొన్న యెన్నికను బట్టి చాలవఱకు నిర్ణయమగుచుండును.

ఎద్దుల జతను కొనబోవు రైతు సంతలో పండ్లు చూచును, గిట్టలు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అయితే సంతకు బయలుదేరుటకు ముందే ఇంటివద్ద నాలోచింపవలసినది వేఱొకటి గలదు. తన పొలము రేగడియా, ఇసుకనేలయా, ఎన్ని యెకరములు, గడ్డివామి యేపాటిది? నాలుగెకరములవానికి ఒంగోలు కోడెల జత చూచుటకు గొప్పయే గాని, మేత పెట్టలేక చిక్కును. విమాన కంపెనీల పనియు నిట్టిదే. విమానమునకు మేత పెట్రోలువంటి నూనె. కంపెనీ చేయు మొత్తము ఖర్చులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు దనుక ఈ నూనెకే పోవును. కావున ఎంత మేసి యెంతమందిని మోయును అనునది మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న కాలమును గూర్చినది. విమానము నేడు కోరినచో రేపు రాదు. అయిదేండ్లకో, పదియేండ్లకో వచ్చును. వచ్చిన తరువాత ఇరువది, ఇరువదియైదేండ్లు నడువవలయును. అనగా కాగితముపై సంతకము చేయు పెద్దమనిషి, ముప్పదియేండ్ల పిమ్మట నూనె యేవెలకు దొరకునో, ఏ దేశపు ప్రజలు ఏ దేశమునకు పోవుచుందురో నేడే యూహింపవలయును. ఆఱు నెలలలో పంట చేతికి వచ్చు రైతే వాన సంగతి చెప్పలేకున్నాడు గదా!

ఇట్టి యూహలలో పేరొందినది పాన్ అమెరికన్ కంపెనీవారిది. 1966వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఆ కంపెనీ యధిపతి జువాన్ ట్రిప్ అను నతడు బోయింగ్‌వారి 747 విమానములను ఇరువదియైదింటిని, 52 కోట్ల 50 లక్షల డాలర్లకు, ఒక్కసారిగా కోరెను. అప్పటికి ఆ విమానము కాగితముపై గీతలలో మాత్రమే యుండెను. 1969 ఫిబ్రవరి 9వ తేదీని అది తొలిసారి యెగిరినది. 1970 జనవరి 22వ తేదీని ప్రయాణికులతో న్యూయార్కునుండి లండనునకు పోయినది. మన ఎయిర్ ఇండియావారును 1971లో దానిని తెచ్చుకొని, 'ఎంపరర్ అశోక' యని పేరు పెట్టుకొనిరి. విమానములకు అంకెలే పేర్లయిన యీ లోకమున, ఒక చక్రవర్తి పేరు పెట్టుట నాకెప్పుడును సంతోషము గొల్పిన విషయము.

కాని 1973లో అరబ్బు దేశముల యుద్ధము వచ్చి నూనె ధర మిన్నుముట్టినది. అంత పెద్ద విమానమున సగము కుర్చీలు ఖాళీగా పోవుచుండెను. సంతలో సాయంకాలమునకు మిగిలిన తోటకూరను ఎవ్వరికో తక్కువకైనను అమ్మవచ్చును; ఎగిరిపోయిన విమానములోని ఖాళీ కుర్చీని ఎవ్వరికిని అమ్మలేము. పుష్పక విమానమున ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని మన పెద్దలు చెప్పుదురు. ఈ విమానముల చిక్కు దానికి తలక్రిందులైనది. ఎందఱెక్కినను ఇంకను చోటు మిగులుటయే వీనికి రోగము! అనేక కారణములచేత చితికి పాన్ అమెరికన్ కంపెనీ 1991 డిసెంబరులో మూతపడెను. 747 మాత్రము బ్రదికినది. 1,574 విమానములు తయారైన పిమ్మట, 2023 జనవరిలో కడపటిది సరకులు మోయు కంపెనీ కొకదానికి చేరినది. కొన్నవాడు పోయెను, కొన్న వస్తువు అతనికంటె ముప్పదియేండ్లకు పైగా నిలిచెను. ఎన్నిక చెడ్డదని నేననను. అది వచ్చిన కాలము వేఱు.

ఇంతకంటె వింతయైనది ఎయిర్‌బస్‌వారి ఏ380 కథ. 2000 డిసెంబరులో దానిని నిర్మింప నిశ్చయించిరి. ఆనాడు రెండు కంపెనీలకు రెండు నమ్మకములు. రాబోవు కాలమున జనులు లండను, సింగపూరు, దుబాయి వంటి కొన్ని మహానగరములలో గుమిగూడి, అచ్చటినుండి గుంపులుగా పోవుదురనియు, కావున రథమువంటి పెద్ద విమానము కావలయుననియు ఎయిర్‌బస్‌వారి మతము. జనులకు గుంపు రుచింపదు, తమ యూరినుండి తమకు కావలసిన యూరికి తిన్నగా పోగోరుదురు, కావున అనేకములైన చిన్నపాటి బండ్లే మేలని బోయింగ్‌వారి మతము. ఆ మతముననుసరించి పుట్టినది 787. అది 2011లో ప్రయాణికులను మోయ నారంభించినది.

ఏ380 నిజముగా మహారథమే. ఈ కొస మొదలుకొని ఆ కొస వఱకు రెండంతస్తులు, నాలుగు ఇంజనులు, ఱెక్కల వెడల్పు సుమారు 80 మీటరులు, బయలుదేరునప్పటి బరువు 575 టన్నుల దనుక. సాధారణముగా 525 మంది కూర్చుందురు. ఇఱుకుగా అమర్చినచో 853 మంది వఱకు ఎక్కించుటకు అనుమతి గలదు. 2007 అక్టోబరు 25వ తేదీని సింగపూరు కంపెనీవారు దానిని తొలిసారిగా సింగపూరునుండి సిడ్నీకి నడిపిరి. ఎక్కినవారందఱును మెచ్చుకొనిరి. లోపల చప్పుడు తక్కువ, కుదుపు తక్కువ. కాని మెచ్చుకొన్నవారు ప్రయాణికులు, కొనవలసినవారు కంపెనీలవారు. అమెరికాలో నొక్క కంపెనీయు దానిని కొనలేదు. మన దేశమున కింగ్‌ఫిషర్ అను కంపెనీ అయిదింటిని కోరెను గాని, ఒక్కటియు రాకమునుపే 2012లో ఆ కంపెనీ యెగురుట మానెను. మొత్తము తయారైన 251 విమానములలో 123 దుబాయివారి ఎమిరేట్స్ కంపెనీయే తీసికొన్నది. సగము సరకు ఒక్క బేరగానికే అమ్మిన వర్తకుని గతి యెట్లుండును? 2019 ఫిబ్రవరిలో ఎమిరేట్స్‌వారు కోరినవానిలో 39 తగ్గించుకొనగా, ఇక నిర్మింపమని ఎయిర్‌బస్‌వారు ప్రకటించిరి. 2021 డిసెంబరులో కడపటిది చేరినది.

అంతకుముందే మఱియొక విచారకరమైన సంగతి జరిగెను. సింగపూరునుండి సిడ్నీకి పోయిన ఆ మొట్టమొదటి విమానమునే, పదియేండ్లు నడిపి అద్దె గడువు తీరగానే సింగపూరువారు వదలుకొనిరి. మఱియొకరు పుచ్చుకొనువారు లేరైరి. ఫ్రాన్సు దేశమున టార్బ్ అను ఊర దానిని విప్పి, పనికివచ్చు భాగములను అమ్ముకొనిరి. పదియేండ్ల యెద్దును కటికవానికి తోలినట్లయినది.

ఇంతటి విమానము చితుకుటకు ముఖ్యకారణము రెండింజనుల విమానములు బలపడుటయే. పూర్వము రెండింజనుల విమానము, ఒక ఇంజను ఆగినను, అఱువది నిమిషములలో ఏదో యొక విమానాశ్రయము చేరగలిగిన త్రోవనే పోవలయునని నిబంధన యుండెను. అందుచేత మహాసముద్రములు దాటుటకు మూడో నాలుగో ఇంజనులు తప్పనిసరియయ్యెను. ఇంజనులు నమ్మకమైనవిగా తయారగుచుండగా, 1985లో అమెరికావారు ఆ గడువును 120 నిమిషములకు పెంచిరి. పిమ్మట 180కి, ఇప్పుడు అంతకంటె నెక్కువకు పోయినది. 1995లో వచ్చిన బోయింగ్ 777 రెండే ఇంజనులతో సముద్రములన్నియు దాటజొచ్చెను. నాలుగెద్దుల బండి మోయు బరువులో ముప్పాతిక రెండెద్దులే లాగుచున్నప్పుడు, తక్కిన రెండింటికి మేతయు, లాడములును, పాలేరును ఎవ్వరు భరింతురు?

లెక్క చూడుడు. ఏ380 బరువు 575 టన్నులు, జనము 525; మనిషి యొక్కనికి టన్నునకు పైబడుచున్నది. 777-9 బరువు 351 టన్నులు, జనము 426. మనిషికి 825 కిలోలకు మించదు. కుర్చీల నమర్చు పద్ధతిని బట్టి ఈ లెక్క కొంత మాఱును గాని, ఏది తేలికయో తెలియుచునే యున్నది. ఆ 777-9 ఇంజను ముఖము పదునొకండు అడుగులకు పైగా వెడల్పు. ఆఱడుగుల మనిషి దానిలో నిలువబడి చేయి యెత్తినను పైయంచు అందదు.

ఈ 777-9 లో నాకు మిక్కిలి నచ్చినది దాని ఱెక్క. పొడుగైన ఱెక్క గల పక్షికి ఎగురుటలో శ్రమ తక్కువ. గ్రద్దను చూచినవారికి నేను చెప్పనక్కఱలేదు. విమానమునకును అంతే; ఱెక్క పొడుగైనకొలది నూనె ఖర్చు తగ్గును. కాని విమానాశ్రయమున విమానములు నిలుచు చోటులు కొలత పెట్టి కట్టినవి. పెక్కు చోట్ల 65 మీటరుల కంటె వెడల్పైనది పట్టదు. ఏ380 వచ్చినప్పుడు ఎన్నియో విమానాశ్రయములు గోడలు జరిపి, రెండంతస్తుల వంతెనలు కట్టుకొనవలసివచ్చెను. అది చూచి బోయింగ్‌వారు ఱెక్క కొనలకు మడత పెట్టిరి. ఎగురునప్పుడు 71.75 మీటరులు, నేలకు దిగిన పిమ్మట కొనలు పైకి మడచుకొన్నచో 64.85 మీటరులు. పెద్ద గొడుగువాడు ఇఱుకు సందులో గొడుగు ముడుచుకొని పోయినట్లు!

ఏ350 త్రోవ వేఱు. దాని శరీరములో సగమునకు పైగా లోహము కాదు. బొగ్గునార పోగులను జిగురుతో కలిపి గట్టిపఱచిన పదార్థము. తేలికయు, తుప్పు పట్టనిదియు నగుటచేత దూరప్రయాణములకు మేలైనది. 2018 అక్టోబరునుండి సింగపూరువారు దీనిలో నొక రకమును సింగపూరునుండి న్యూయార్కునకు తిన్నగా నడుపుచున్నారు. పదునెనిమిది గంటలకు పైబడిన ప్రయాణము. కాని అందులో 161 కుర్చీలే యుంచిరి. తక్కువ వెల తరగతియే లేదు. ఎందుకనగా, మిక్కిలి దూరము పోవు విమానము తన మేతను తానే మోసికొనిపోవలయును. ఆ మేతను మోయుటకు మఱికొంత మేత కావలయును. నెల దినముల గడ్డిని బండిమీదనే వేసికొని కాశీకి బయలుదేరినచో, ఇక మనుషులకు చోటెక్కడిది?

ఆస్ట్రేలియావారి క్వాంటాస్ కంపెనీ 2017లో ఇరువురు నిర్మాతలను బహిరంగముగా నొక కోరిక కోరినది: సిడ్నీనుండి లండనునకు ఎక్కడను దిగకుండ పోవు విమానమును చేసి చూపుడని. ఇరువురి విమానములను చూచి, బేరములాడి, 2019 డిసెంబరులో ఏ350-1000 ను ఎన్నుకొనిరి. 2022 మే నెలలో పండ్రెండింటిని కోరిరి. వానికి 20,000 లీటరుల తొట్టి నొకదానిని అదనముగా పెట్టించి, కుర్చీలను 238కి తగ్గించి, కాళ్ళు చాచుకొని నడుము సవరించుకొనుటకు కొంత చోటు విడిచిరి. ఇరువది రెండు గంటల దనుక సాగు ఈ ప్రయాణమును 2027లో ఆరంభింపదలచిరి. వారికది తగును, వారి దేశము లోకమునకు మూలనున్నది. కాని యిదే విమానమును ఎమిరేట్స్ అధ్యక్షుడు టిమ్ క్లార్క్ వలదనెను. ఈ రకమునకు రోల్స్ రాయిస్‌వారి ఇంజను తప్ప వేఱొకటి లేదు. మా యెడారి వేడికిని ఇసుకకును అది చాలినన్నాళ్ళు మన్నదని 2023లో బహిరంగముగనే పలికెను. ఇంజనువారు దాని మన్నికను పెంచు పనిలోనున్నారు. చూచితిరా, చలిదేశమున మేలైన యెద్దు ఎండదేశమున డస్సిపోవుచున్నది. అందుచేత ఎమిరేట్స్‌వారు బోయింగ్ 777-9 పై మొగ్గిరి. 2025 నవంబరున కోరిన 65తో కలిపి వారొక్కరే 777లలో ఈ క్రొత్త తరమువానిని 270 కోరియున్నారు. ఏ380 విషయమున ఎయిర్‌బస్‌వారికి కలిగిన స్థితియే యిప్పుడు బోయింగ్‌వారికిని కలుగునేమోయని నా యనుమానము.

ఈ 777-9 వ్రతకథ మఱియును దీర్ఘమైనది. 2013 నవంబరులో దుబాయి ప్రదర్శనలో దీనిని ప్రకటించి 2020లో నిత్తుమనిరి. 2020 జనవరిలో తొలిసారి యెగిరినది. 2018, 2019 సంవత్సరములలో బోయింగ్‌వారి వేఱొక రకము విమానములు రెండు కూలి 346 మంది మరణించుటచేత, పరీక్షించు అధికారులు ముందటికంటె నిశితముగా చూడదొడగిరి. అట్లు చూడవలసినదే. 2024లో ఇంజనును పట్టియుంచు భాగమున బీటలు కనబడి కొన్ని నెలలు పరీక్షలాగినవి. 2025 అక్టోబరులో, తొలి విమానమును 2027లో నిత్తుమని చెప్పిరి. అనగా ఏడేండ్ల యాలస్యము. దీనిని నమ్ముకొని పాతవానిని వదలుకొనబోయిన కంపెనీల పాట్లు చెప్పనలవికాదు. జర్మనీవారి లుఫ్తాన్సా కంపెనీ, 2020లో మహమ్మారి వచ్చినప్పుడు తన ఏ380లను నిలిపి, ఇక వలదని చెప్పినది. ప్రయాణికులు తిరిగి వచ్చిరి, క్రొత్త విమానములు రాలేదు. 2023లో ఆ మహారథములనే దుమ్ము దులిపి మరల కట్టుకొన్నది. టార్బులో విప్పివేసిన వానిని మాత్రము ఎవ్వరు తేగలరు?

ఇక మన దేశపు సంగతి. 1948 జూన్ 8వ తేదీని బొంబాయినుండి కైరో, జినీవాల మీదుగా లండనునకు మన తొలి విమానము పోయినది. ఆ ఎయిర్ ఇండియా సర్కారు చేతినుండి 2022 జనవరిలో తిరిగి టాటాలకు వచ్చినది. 2023 ఫిబ్రవరిలో వారు 470 విమానములను కొందుమని ప్రకటించిరి. అందు దూరప్రయాణములకు పనికివచ్చునవి డెబ్బదియే: ఏ350లు నలువది, 787లు ఇరువది, 777-9లు పది. ఒక్కరినే నమ్ముకొనక ఇరువురివద్దను కొనుట నా కంటికి తెలివైన పనిగనే తోచుచున్నది. రెండు రకముల సామానులును రెండు రకముల శిక్షణమును భరింపవలసివచ్చినను, ఒకరి యాలస్యము మొత్తము ముంపదు. ఇంతవఱకు చిన్న విమానములతోనే పెరిగిన ఇండిగో కంపెనీయును 2024లో ముప్పది ఏ350లను కోరి, 2025 అక్టోబరున అఱువది చేసినది.

దుబాయి, దోహాలకు పోయి మాఱుచున్న మనవారిని ఇచ్చటినుండియే తిన్నగా తీసికొనిపోవలెనని ఈ యిరువురి యాశ. హైదరాబాదునుండి అట్టి ప్రయత్న మొకటి జరిగినది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు హైదరాబాదునకును షికాగోకును నడుమ, వారమున కొకసారి, నడుమ నెక్కడను దిగని విమానమును 777లో నొక రకముతో నడిపిరి. అది కొంతకాలమునకు ఆగిపోయినది. త్రోవ నెఱిగినవారమే, ఎక్కువారును గలరు. కావలసినది ఆ దూరమునకు తగిన విమానము, అది చాలినన్ని. కోరిన ఏ350లలో పెద్దరకమువి, ఆ పది 777-9లును చేరినప్పుడు మొదట ఢిల్లీ, బొంబాయిలకు పోవునో, శంషాబాదునకు కొన్ని వచ్చునో చూడవలసియున్నది.

అందాక ప్రయాణము తప్పనివారికి ఒక చిన్న మాట. టిక్కెట్టు కొనునప్పుడే విమానము పేరు తెలిసికొనవచ్చును. ఏ350 యైనచో తక్కువ తరగతిలో వరుసకు సాధారణముగా తొమ్మిది కుర్చీలుండును. 777 మొదట తొమ్మిదింటికే చేసినదైనను ఇప్పుడు పెక్కు కంపెనీలు పది చొప్పున బిగించుచున్నవి. పదునాఱు గంటలు కూర్చుండవలసిన, మావంటి మోకాళ్ళనొప్పులవారికి ఆ యొక్క కుర్చీ భేదము చాల పెద్దది. నడవ ప్రక్క కుర్చీని అడిగి తీసికొనుడు.